గర్భంతో ఉన్నప్పుడు మిద్దె తోట: ఏ పనులు మీరు చేయాలి, ఏ పనులు ఇంట్లోవారికి అప్పగించాలి

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందుగా నాకు అర్థమైనట్లు చెబుతాను. విజయవాడలో మీ ఇంటి మిద్దె మీద అరవై కుండీల దాకా పెంచుకుంటున్నారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. తోటకూర వేసిన గ్రోబ్యాగులో పిల్లి తవ్విపోయిన గుంట చూసి మీ అత్తగారు ఇక ప్రసవం అయ్యేదాకా పైకి వెళ్లవద్దన్నారు. నిజంగా మానేయాలా, జాగ్రత్తలు తీసుకుంటూ కొనసాగించవచ్చా అన్నది మీ ప్రశ్న. దానితోపాటు వేపనూనె పిచికారీ, జీవామృతం, మే నెల ఎండ గురించి కూడా అడిగారు, వానాకాలానికి ఏం వేసుకోవాలో చెప్పమన్నారు. నేను ప్రసూతి వైద్యురాలిగా ప్రభుత్వ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశాను, నా ఇంటి మీద కూడా తోట ఉంది. అందువల్ల రెండు వైపుల నుంచీ ఆలోచించి రాస్తున్నాను.

మీ గర్భం మామూలుగా సాగుతూ, మీ డాక్టరు విశ్రాంతి తీసుకోమని ప్రత్యేకంగా చెప్పి ఉండకపోతే, తోట మానేయనక్కరలేదు. గర్భిణులు వారానికి 150 నిమిషాల పాటు ఒక మాదిరి శ్రమ చేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నడుస్తూ నీళ్లు పెట్టడం, కలుపు తీయడం, కాయలు కోయడం ఆ శ్రమలోకే వస్తాయి. అయితే తోటలో పనులన్నీ ఒక్కలాంటివి కావు. మందు కొట్టడం, బరువులెత్తడం, పచ్చి పేడతోనూ పిల్లి మలంతోనూ పెట్టుకునే పనులు, ఈ మూడూ ప్రసవం అయ్యేదాకా పూర్తిగా మీ భర్తవి, లేదా ఇంట్లో మరొకరివి. మిగిలినవి మీరు నిశ్చింతగా చేసుకోవచ్చు. ఇలా ఎందుకు విడదీశానో తెలిస్తే నేను ఇక్కడ చెప్పని పని ఎదురైనప్పుడు కూడా మీకు మీరే నిర్ణయించుకోగలుగుతారు.

పిల్లి విషయంలో మీ అత్తగారి భయం ఊరికే పుట్టినది కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి పేగుల్లో పెరిగి, గుడ్ల వంటి సూక్ష్మరూపంలో మలంతో బయటకు వస్తుంది. ఎలుకనో పిట్టనో పచ్చిమాంసాన్నో తిని పిల్లికి మొదటిసారి అది సోకినప్పుడు, సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే ఇలా విడుదల చేస్తుంది. కాబట్టి మీ మిద్దె ఎక్కిన ప్రతి పిల్లీ ప్రమాదకరం కాదు. కానీ ఏది ఆ దశలో ఉందో చూసి చెప్పలేము. విడుదలైన గుడ్లు వెంటనే సోకవు, ఒకటి నుంచి ఐదు రోజులు గడిచాక సోకే స్థితికి వస్తాయి. ఆ తర్వాత తడిగా, నీడగా ఉన్న మట్టిలో ఏడాదికి పైగా కూడా బతికి ఉండగలవు. మనం రోజూ నీళ్లు పెట్టే కుండీ వాటికి సరిగ్గా అలాంటి చోటు. అందుకే మలం కనబడకపోయినా మట్టి శుభ్రమని అనుకోకూడదు.

ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఆ పరాన్నజీవి చర్మం గుండా లోపలికి పోదు, మట్టిని తాకినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. మట్టి అంటిన చేయి నోటికి చేరడం, సరిగా కడగని ఆకుకూరను పచ్చిగా తినడం, సగం ఉడికిన మాంసం తినడం, ఇవే దానికి దారులు. ఇంటి పిల్లిని నిమరడం కంటే వేటమాంసం కోసిన కత్తిపీట మీదే కీరాదోసకాయ తరగడం ఎక్కువ ప్రమాదమని నేను గర్భిణులకు చెబుతూ వచ్చాను, మీకు కూడా అదే చెబుతాను.

గర్భం రాకముందే ఎప్పుడో ఇది సోకి తగ్గిపోయినవారికి శరీరంలో రక్షణ ఏర్పడి ఉంటుంది, మామూలు ఆరోగ్యం ఉన్న అలాంటి తల్లి నుంచి బిడ్డకు చేరడం చాలా అరుదు. మొదటిసారిగా గర్భధారణలోనే సోకితేనే ఇబ్బంది. తల్లికి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు, లేదా కొద్దిపాటి జ్వరం, మెడ దగ్గర బిళ్లలు కట్టడం వంటివి ఉంటాయి. కానీ మాయ దాటి బిడ్డకు చేరితే మెదడుకు, కంటికి నష్టం జరగవచ్చు. తొలి నెలల్లో సోకితే బిడ్డకు చేరే అవకాశం తక్కువ గానీ, చేరితే నష్టం ఎక్కువ. చివరి నెలల్లో చేరే అవకాశం ఎక్కువ గానీ, నష్టం సాధారణంగా తక్కువ.

పరీక్ష చేయించుకోవాలా అని కూడా అడిగారు కదా. మన దేశంలో ఇది గర్భిణులందరికీ చేసే పరీక్ష కాదు, అందరికీ అవసరమని నేను అనుకోను. మీ మిద్దె మీద పిల్లులు తిరుగుతున్నాయి కనుక డాక్టరుతో మాట్లాడి ఒకసారి చేయించుకోవడంలో తప్పు లేదు. రిపోర్టులో ఐజీజీ, ఐజీఎం అని రెండు ఉంటాయి, ఇవి సోకినప్పుడు శరీరం తయారుచేసుకునే రక్షణ పదార్థాలు (యాంటీబాడీలు). ఐజీజీ ఉండి ఐజీఎం లేకపోతే అది సాధారణంగా పాత సంగతి, ఊపిరి పీల్చుకోవచ్చు. రెండూ లేకపోతే మీకు రక్షణ లేదని అర్థం, జాగ్రత్తలు పాటించాలి. ఐజీఎం ఉందని వస్తే మాత్రం ఆ కాగితం చూసి ఏడుస్తూ కూర్చోవద్దు. అది కొందరిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కూడా నిలిచి ఉంటుంది. అవిడిటీ అనే మరో పరీక్షతో అది కొత్తదో పాతదో చాలావరకు తేలుతుంది, కొత్తదే అయినా ఇవ్వవలసిన మందులున్నాయి. ఒక్క ఐజీఎం రిపోర్టు పట్టుకుని గర్భం తీయించుకుందామా అని వచ్చినవారిని నేను చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పిల్లి తవ్విన గ్రోబ్యాగు సంగతి మీ భర్తకు అప్పగించండి. చేతికి తొడుగు వేసుకుని మలాన్ని, దాని చుట్టూ నాలుగంగుళాల లోతు మట్టిని తాపీతో తీసి, కవరులో మూటకట్టి చెత్తబండికి ఇవ్వాలి. కంపోస్టు డబ్బాలో వేయకూడదు. ఆ గ్రోబ్యాగులోని ఆకుకూరను ఈసారికి వదిలేయండి. పిల్లులు తవ్వడానికి వదులుగా, పొడిగా, ఖాళీగా ఉన్న మట్టినే ఎంచుకుంటాయి. కొత్తగా విత్తిన కుండీల మీద కోళ్లగూటికి వాడే ఇనుప జాలీ ముక్క కత్తిరించి పరిచినా, ఎండుటాకులు మందంగా కప్పినా, మొక్కల మధ్య పుల్లలు దగ్గర దగ్గరగా గుచ్చినా అవి ఆ చోటు వదిలేస్తాయి.

చేతుల విషయంలో అందరూ తొడుగులు వేసుకోమని చెబుతారు, మంచిదే. కానీ తొడుగు వేసుకున్న చేత్తోనే చెమట తుడుచుకోవడం, ఫోను తీయడం, జుట్టు సర్దుకోవడం చేస్తే దానివల్ల ప్రయోజనం లేదు. మణికట్టు దాటి పైకి వచ్చే రబ్బరు తొడుగులు తీసుకోండి. మన ఆడవాళ్ల చేతుల్లో మట్టి ఎక్కువగా నిలిచే చోట్లు గోళ్ల సందులు, ఉంగరం కింద, గాజుల మధ్య. సీమంతం తర్వాత రెండు చేతుల నిండా మట్టిగాజులు ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. చేతులు కడిగామని అనుకుంటాం, గాజులను పైకి జరిపి చూస్తే వాటి కింద సన్నటి మట్టిచార కనబడుతుంది, అన్నం కలిపేటప్పుడు అదే కిందికి జారుతుంది. కనుక గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి, తోటలోకి వెళ్లేముందు ఉంగరాలు తీసి పక్కన పెట్టండి, తిరిగి వచ్చాక గాజులను మోచేతి వైపు జరిపి సబ్బుతో అరనిమిషం పాటు రుద్ది కడగండి. మిద్దె మీద కుళాయి దగ్గరే ఒక సబ్బు ఉంచుకుంటే మెట్లు దిగేలోపు మరిచిపోవడం ఉండదు. తోటలో ఉండగా టమాటానో దొండకాయనో తెంపి చీరకొంగుకు తుడుచుకుని తినే అలవాటు మనందరికీ ఉంది, ఈ నెలల్లో అది వద్దు.

ఆకుకూరలను కట్ట విప్పి, వేర్లు కోసేసి, పళ్లెంలో నీళ్లు పోసి రెండు మూడుసార్లు జాడించి, చివరికి పారే నీళ్ల కింద రుద్ది కడగాలి. ఉప్పునీళ్లు, పసుపునీళ్లు, వెనిగర్ వంటి వాటిలో నానబెట్టడం పురుగులను వదిలించడానికి పనికొస్తుందేమో గానీ, టాక్సోప్లాస్మా గుడ్లు వాటికి చావవు. క్లోరిన్‌కు కూడా అవి తట్టుకుంటాయి. నీటి ధార కింద రుద్దడం వల్ల అవి కొట్టుకుపోతాయి, ఉడికించడం వల్ల చస్తాయి. మన వంటలో తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి అన్నీ ఉడికేవే కాబట్టి భయం లేదు. ఆలోచించవలసినవల్లా పచ్చిగా పడే కొత్తిమీర, పుదీనా, కీరా, క్యారెట్, ఉల్లికాడలు. వీటిని ప్రసవం దాకా వండిన పదార్థాల్లోనే వేసుకోండి, లేదా ఒక్కొక్క రెమ్మను విడదీసి కడగండి.

మీరు అడగని విషయం ఒకటి నేను అడగాలి. నీళ్లు పెట్టినప్పుడు లేచే మట్టివాసనకు నోరూరుతోందా, కొద్దిగా మట్టి నోట్లో వేసుకోవాలనిపిస్తోందా? గర్భిణులు ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. మట్టి, బలపాలు, సుద్ద, పచ్చిబియ్యం, మొక్కల కుండీ పెంకు, వీటిలో ఏదో ఒకటి రహస్యంగా తింటున్నామని ఎంతో బతిమాలితే గానీ బయటపెట్టనివారిని ఎందరినో చూశాను. ఇది చెడ్డ అలవాటు కాదు, చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందని శరీరం ఇస్తున్న సూచన. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది, కాబట్టి మీ ఒక్కరి ఇబ్బంది అనుకోనక్కరలేదు. అయితే తోటమట్టి తింటే నులిపురుగుల గుడ్లు, పైన చెప్పిన పరాన్నజీవి, పాత రంగుల నుంచి రాలిన సీసం అన్నీ నేరుగా కడుపులోకి పోతాయి. అలా అనిపిస్తే దాచుకోకుండా డాక్టరుకు చెప్పి హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భిణికి అది 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున ప్రభుత్వం ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రను కాఫీ, టీలతోనూ, కాల్షియం మాత్రతోనూ కలపకుండా వేరే పూట వేసుకోండి.

రక్తహీనతకు తోటతో మరో సంబంధం కూడా ఉంది. కొంకిపురుగు పిల్లలు మట్టిలో ఉండి, ఉత్తకాళ్లతో తిరిగేవారి అరికాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. మిద్దె మీద సంచుల్లో మట్టికి ఈ ప్రమాదం తక్కువ, ఊళ్లో పెరటికి, పొలానికి ఎక్కువ. ఏ చోటైనా చెప్పులు లేకుండా మట్టిలోకి దిగవద్దు. గర్భిణులకు నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు ఒక ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మీకు ఇచ్చారో లేదో ఈసారి వెళ్లినప్పుడు అడగండి, మొదటి మూడు నెలల్లో మాత్రం వేసుకోకూడదు. అలాగే ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్. గర్భం తెలిసిన వెంటనే ఒకటి, నాలుగు వారాల తర్వాత రెండోది వేస్తారు, గడిచిన మూడేళ్లలో గర్భంతో ఉన్నప్పుడు రెండూ వేయించుకున్నవారికి ఒక బూస్టరు చాలు. తుప్పుపట్టిన తీగో ముల్లో గుచ్చుకున్నప్పుడు కంగారు పడకుండా ఉండాలంటే ఇది ముందే పూర్తయి ఉండాలి. తల్లులకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం 2015లో నిర్మూలించగలిగిందంటే అందులో ఈ చిన్న ఇంజెక్షన్ పాత్ర ఎంతో ఉంది.

ఇక ఎరువులు. బాగా చివికి, నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా తయారైన కంపోస్టుతోనూ వర్మీకంపోస్టుతోనూ తొడుగులు వేసుకుని పనిచేయవచ్చు. బస్తా విప్పేటప్పుడు ముఖం దూరంగా పెట్టి, కొద్దిగా నీళ్లు చిలకరించి తీస్తే బూజుపొడి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవు. పచ్చి పేడ సంగతి వేరు. జీవామృతంలో పేడ, ఆవుమూత్రం, బెల్లం, పప్పుల పిండి వేసి సూక్ష్మజీవులు పెరగడానికే కదా పులియబెడతాం. పెరిగేవన్నీ మొక్కకు మేలుచేసేవే అయి ఉండవు. పేడలో ఉండే ఈ.కోలై, లిస్టీరియా వంటివి కూడా ఆ డ్రమ్ములోకి చేరవచ్చు. లిస్టీరియా మామూలు మనిషికి రెండు రోజుల జ్వరంతో పోతుంది గానీ గర్భిణికి సోకితే గర్భస్రావానికి, నెలలు నిండకముందే కాన్పుకు దారితీయవచ్చు. జీవామృతం వాడవద్దని నేను అనడం లేదు. దాన్ని కలపడం, పోయడం మరొకరు చేయాలి, ఆకుల మీద చల్లకుండా మొక్క మొదలు దగ్గర మట్టిలో పోయాలి, పచ్చిగా తినే కూరలకు అసలు వాడకూడదు.

మేక, గొర్రె ఎరువు కూడా అంతే, బాగా మాగినదే తెచ్చుకోండి. పల్లెల్లో ఉన్న చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. మేక ఈనేటప్పుడు దగ్గర ఉండి పట్టడం, మాయ తీసి పారేయడం, నెలలు నిండకముందే జారిపోయిన పిల్లను ఎత్తడం గర్భిణి చేయకూడదు. పశువుల్లో గర్భం జారేలా చేసే సూక్ష్మజీవుల్లో కొన్ని మనుషులకు కూడా సోకి అదే పని చేస్తాయి.

అన్నిటికంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది పిచికారీ పంపు. పిల్లి అంటే భయపడే ఇంట్లోనే చీమల మందు, చెదల మందు, పేరు లేని సీసాలో ఎరువుల కొట్టు నుంచి తెచ్చిన పురుగుమందు అటకమీద ఉంటాయి. క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పీల్చినా, చర్మానికి అంటినా ఒంట్లోకి ఇంకుతాయి, నరాల పనిని దెబ్బతీస్తాయి. డైక్లోరోవాస్, ఫోరేట్, ట్రయజోఫాస్ వంటి వాటిని 2020 చివరి నుంచి దేశంలో నిషేధించినా పాత నిల్వలు పెరళ్లలో, గొడ్లసావిళ్లలో మిగిలి ఉండవచ్చు. మందుడబ్బా మీద వజ్రం ఆకారంలో ఉండే గుర్తు కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒకటి ఉంటుంది, ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఆకుపచ్చ గుర్తు ఉంది కదా అని గర్భిణి కొట్టవచ్చనుకోవడం సరికాదు. ఆ రంగులు మందు ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత విషమో చెబుతాయే గానీ, కడుపులోని బిడ్డ ఎదుగుదల గురించి ఏమీ చెప్పవు. అందుచేత రసాయన మందు ఏదైనా సరే మీరు కలపవద్దు, కొట్టవద్దు, కొట్టిన రోజు మిద్దె ఎక్కవద్దు. ఇంట్లో చెదల మందు పెట్టించాలనుకుంటే ప్రసవం తర్వాతకు వాయిదా వేయండి, తప్పనిసరైతే కొద్దిరోజులు పుట్టింటికి వెళ్లండి.

సేంద్రియం అన్న పేరు ఉంటే ప్రమాదం లేదనుకోవడం మరో పొరపాటు. అగ్నిఅస్త్రం అనే సేంద్రియ పురుగుమందులో పొగాకు వేసి ఆవుమూత్రంలో మరిగిస్తారు. పొగాకులోని నికోటిన్ తడిచర్మం గుండా సులువుగా లోపలికి పోతుంది. తడి ఆకు కోసే పొగాకు కూలీలకు తలతిరుగుడు, వాంతులు వచ్చేది అందుకే. కాబట్టి అగ్నిఅస్త్రం మీ చేతులతో కాచడం, వడగట్టడం, చల్లడం ఏదీ వద్దు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపిన ద్రావణం వీటన్నిటిలో మెరుగు. అది కూడా వీలైతే మరొకరు కొట్టాలి. మీరే కొట్టవలసివస్తే గాలికి ఎదురుగా నిలబడకుండా, తొడుగులు, మాస్కు, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని చిన్న సీసాతో కొట్టి, వెంటనే స్నానం చేయండి. వేపనూనెను కడుపులోకి తీసుకోవడం మాత్రం గర్భిణికి ప్రమాదం, దాన్ని మందుల సీసాల దగ్గర పెట్టవద్దు. నేనైతే పేనుబంక పట్టిన చిక్కుడు కొసలను తుంచి మూటకట్టి పారేయడం, మిగిలినదాన్ని ఉత్త నీటి ధారతో కడగడం, పసుపురంగు జిగురు అట్టలు వేలాడదీయడం, వీటితోనే ఈ ఆరు నెలలు గడపమంటాను. పంట కొంత పోతుంది, పోనివ్వండి.

మీరు పొలం ఉన్న ఇంటి కోడలైతే, లేదా గుంటూరు మిరప, పత్తి చేలల్లో పనిచేసేవారైతే ఈ జాగ్రత్త ఇంటిదాకా రావాలి. మందు కొట్టి వచ్చిన మనిషి బట్టలను గర్భిణి ఉతకకూడదు. ఆయనే వాటిని విడిచి వేరే బకెట్టులో నానబెట్టి జాడించాలి, ఇంటి బట్టల్లో కలపకూడదు. ఎప్పుడైనా ఒంటి మీద మందు పడితే బట్టలు మార్చుకుని సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కోవాలి. నోట్లో నీళ్లూరడం, వాంతులు, విపరీతమైన చెమట, కండరాలు అదరడం కనబడితే మందుడబ్బాను చేతబట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి, డబ్బా మీది పేరును బట్టే అక్కడ విరుగుడు ఇస్తారు.

కుండీలుగా వాడే డబ్బాల గురించి కూడా చూసుకోండి. సగానికి కోసి అమ్మే నీలం డ్రమ్ముల్లో అంతకుముందు ఏ రసాయనం ఉందో అమ్మేవాడికే తెలియదు, తినే పంటకు అలాంటివి వాడకపోవడం మేలు. పాత రంగుడబ్బాలను గీకి శుభ్రం చేసే పని మీరు పెట్టుకోవద్దు. ఇంటికి వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు (90 పీపీఎం) పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు, అంతకుముందటి పెచ్చుల్లో ఎంత ఉందో చూసి చెప్పలేము.

ఎండ దగ్గరకు వస్తే, రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయన్న ఊళ్లో మిద్దె మీద మధ్యాహ్నం పని ఎవరికీ మంచిది కాదు. తొలి వారాల్లో ఒంటి వేడి 39 డిగ్రీలు దాటడం బిడ్డ వెన్నుపాము ఏర్పడడానికి హాని చేయగలదు. మీకు ఆ దశ దాటింది. ఇప్పుడు చూడవలసినది ఒంట్లో నీరు తగ్గడం. దానివల్ల బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, తర్వాతి నెలల్లో పొట్ట గట్టిపడి నొప్పుల్లా కూడా వస్తాయి. వెలుగు వచ్చాక మొదలుపెట్టి ఏడున్నరకల్లా దిగిపోండి. సాయంత్రం చల్లబడిందనిపించినా శ్లాబు ఏడు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, కాళ్లకు ఆ సెగ తగులుతుంది. వెళ్లేముందు ఒక గ్లాసు మజ్జిగ తాగండి, మూత్రం ముదురు పసుపులోకి మారితే ఆ పూటకు పని చాలించండి. గొట్టంలో ఎండకు మరిగిన మొదటి నీళ్లను పక్కకు వదిలాకే మొక్కలకు పట్టండి, అవి మీ చేతిని కూడా కాలుస్తాయి.

పడిపోవడం గురించి నేను మరీ మరీ చెబుతాను. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ ఒంటి తూకం మారుతుంది, కీళ్లు వదులవుతాయి, పాదం ఎక్కడ పడుతోందో కనబడదు. కుండీల కింద నుంచి కారిన నీటికి శ్లాబు మీద పాకుడు పడుతుంది, ఆ పాకుడు, అడ్డంగా పడి ఉన్న గొట్టం, మెట్ల మీద తడి, ఇవే మన మిద్దెతోటల్లో అసలు ప్రమాదాలు. పాకుడును ఇంట్లోవాళ్లతో గీకించండి. ట్యాంకు దగ్గరికి వేసిన ఇనుప నిచ్చెన, పిట్టగోడ మీద కుండీలు, పందిరిపైన అందని సొరకాయ మీవి కావు. పది లీటర్ల క్యాను పది కిలోలు, తడిసిన పన్నెండంగుళాల గ్రోబ్యాగులో మట్టి పాలు ఎక్కువగా ఉంటే ఇరవై కిలోలకు పైమాటే. క్యాను బదులు గొట్టం వాడండి, గ్రోబ్యాగులను జరపవద్దు. కలుపుకు నడుము వంచకుండా ఎత్తుపీట మీద కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోండి, పావుగంటకోసారి లేవండి, లేచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా గోడ పట్టుకుని నెమ్మదిగా లేవండి. పొట్టకు తగిలేలా దెబ్బ పడితే పైకి ఏమీ కనబడకపోయినా ఆ రోజే వెళ్లి చూపించుకోవాలి.

కుండీల కింది పళ్లాల్లో నిలిచిన నీళ్లను వారానికోసారి పారబోసి, అంచులను గీకి కడగండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు చాలు, శుక్రవారం నిల్వ నీళ్లన్నీ పారబోసే డ్రైడే పాటించమనడం అందుకే. వానలు మొదలయ్యాక పొదలు, ఎండుగడ్డి కుప్పలు ఉన్న పెరళ్లలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని తెచ్చే, నల్లుల్లాంటి చాలా చిన్న పురుగులు ఉంటాయి. జ్వరంతోపాటు చంకలోనో నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనబడితే తోటపని చేస్తున్నానని డాక్టరుకు తప్పక చెప్పండి. గర్భంతో ఉండగా వాడదగిన మందు దానికి ఉంది, ఆలస్యమే ముప్పు. వయ్యారిభామ మొక్కను ఉత్తచేతులతో పీకవద్దు, జిల్లేడు, బ్రహ్మజెముడు పాలు కంట్లో పడనివ్వవద్దు.

మీ అత్తగారు గుమ్మడికాయ కోయవద్దని, గ్రహణం రోజు కత్తెర పట్టవద్దని కూడా అన్నారని రాశారు. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు. కానీ ఒక్కరోజు మొక్కలు కత్తిరించకపోతే మీకు పోయేదేమీ లేదు, ఆ మాట మన్నించండి. దానికి బదులుగా మందు కొట్టే పని, బరువుల పని తనవంతుగా ఎవరైనా చూసుకునేలా ఆవిడనే మాట్లాడమనండి. పెద్దవాళ్లు ఒకసారి పూనుకుంటే ఇంట్లో ఆ పని ఆగదు.

మాయ కిందికి ఉందని చెప్పినవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, రక్తస్రావం అయినవారు, బీపీ ఎక్కువగా ఉన్నవారు, ఇంతకుముందు నెలలు తక్కువగా కాన్పు అయినవారు తమ డాక్టరు సరేనన్నాకే ఏ పనైనా మొదలుపెట్టాలి. మీరైనా సరే పనిచేస్తుండగా రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినట్టు తడి అనిపించినా, పొట్ట పదే పదే బిగుసుకున్నా, తలనొప్పితో కళ్లు మసకబారినా, తర్వాతి నెలల్లో బిడ్డ కదలిక తగ్గినా అక్కడికక్కడే పని ఆపి ఆసుపత్రికి వెళ్లండి. మిద్దె మీదికి ఫోను తీసుకెళ్లడం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెళ్లకపోవడం ఈ నెలల్లో నియమంగా పెట్టుకోండి.

వానాకాలానికి ఏం వేయాలన్న దానికి నా సలహా ఇది. మీ లెక్క ప్రకారం అక్టోబరు చివరకో నవంబరులోనో ప్రసవం. కనుక జూన్‌లో విత్తి సెప్టెంబరు లోపు చేతికి వచ్చే బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర వేసుకోండి. తీగజాతుల్లో బచ్చలి ఒక్కటి చాలు, నిలబడి కోసుకోవచ్చు. ఆగస్టు తర్వాత కొత్తగా నారు పోయకుండా ఖాళీ అయిన గ్రోబ్యాగులను ఎండుటాకులతో కప్పి వదిలేయండి. కరివేపాకు, మునగ, జామ వంటివి మీరు లేకున్నా రోజూ ఎవరో ఒకరు నీళ్లు పోస్తే నిలుస్తాయి. ప్రసవం మామూలుగా జరిగితే ఒంట్లో ఓపికను బట్టి కొన్ని వారాల్లో పైకి వెళ్లవచ్చు. ఆపరేషన్ అయితే ఆరు వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తవద్దు. పాలిస్తున్న నెలల్లో కూడా మందు కొట్టే పని మీ చేతికి తీసుకోవద్దు.